కుడిచేతి పాటలు

పియానో ట్యూనరు పనిముట్ల సంచి మూసి, మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దాంతోనే ఆ ఇంటావిడకి అర్థమైపోయింది, చెడ్డ కబురేదో వస్తోందని. ఇరవై ఆరేళ్ళుగా కళ్ళద్దాల షాపులో పనిచేస్తున్న మనిషి. అద్దం మసకబారి తుడుచుకునేవాళ్ళెవరో, మాట దొరక్క తుడుచుకునేవాళ్ళెవరో చూడగానే పోల్చేస్తుంది.

“చెప్పండి, ఫరవాలేదు,” అంది.

“తీగలు బాగానే ఉన్నాయమ్మా. తీగలు చుట్టిన మేకులుంటాయే, వాటిని పట్టుకునే చెక్క అరిగిపోయింది. నేను బిగిస్తాను, జారుతుంది. మళ్ళీ బిగిస్తాను, మళ్ళీ జారుతుంది. ఇవాళ ఎలాగో బతిమాలి శ్రుతిలోకి తెచ్చాను. నెల నిలబడుతుంది. మీ అదృష్టం బాగుంటే నెలన్నర. ఆ తర్వాత నన్ను పిలవకండి.”

“అదేంటండీ, అలా అంటారు?”

“పిలిస్తే వస్తాను. టీ తాగి వెళ్తాను. అంతకుమించి నేను చెయ్యగలిగిందేం ఉండదు.”

కొత్త చెక్క వేయించలేమా అని అడిగింది. దానికంటే కొత్త పియానో కొనుక్కోవడం తేలికన్నాడు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ, “రికార్డు చేసుకోవాల్సినవి ఏమైనా ఉంటే ఈ నాలుగు వారాల్లో చేసేసుకోండమ్మా,” అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

రికార్డు చేసుకోవాల్సినవి పద్నాలుగున్నాయి. ఆరేళ్ళలో ఆవిడ సొంతంగా కట్టుకున్న పాటలు. వాటిలో ఒక్కటీ పూర్తికాలేదు. పద్నాలుగింటికీ కుడిచెయ్యి మాత్రమే ఉంది. ఎడమచెయ్యి రెండు గంటల రైలు దూరంలో, అక్క దగ్గర ఉంది.

ఇది వింతగా వినిపిస్తుంది కాబట్టి మొదటినుంచీ చెప్పుకోవాలి.

వాళ్ళ చిన్నప్పుడు అద్దెకు దిగిన ఇంట్లో పియానో ముందునుంచే ఉంది. అంతకుముందున్నవాళ్ళు దాన్ని తలుపులోంచి బయటికి తీయలేక, విసిగిపోయి, వదిలేసి పోయారట. ఊరికే వచ్చిన వస్తువు ఊరికే పడి ఉండడం వాళ్ళమ్మకి నచ్చలేదు. ఆ వీధి చివర ఉన్న పియానో టీచరుని పట్టుకుంది. టీచరుకి ఖాళీ ఉన్నది వారానికి ఒక్క గంట. శనివారం నాలుగు నుంచి అయిదు. అమ్మకి ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. ఒకర్ని పంపి ఒకర్ని ఆపితే ఇంట్లో కురుక్షేత్రమే కాబట్టి ఇద్దర్నీ పంపింది.

టీచరు ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసి, “సరే, ఉన్నదొక్క గంట, ఉన్నదొక్క బల్ల. ఇద్దరూ ఒకేసారి కూర్చోండి. పెద్దదానికి ఎడమచెయ్యి, చిన్నదానికి కుడిచెయ్యి,” అంది. పెద్దదానికి ఎడమచెయ్యి ఎందుకంటే, అది బరువు మోసే చెయ్యట. పెద్దది తల ఊపింది. చిన్నది అప్పటికే కుడిపక్కన ఎక్కి కూర్చుంది.

అలా పదేళ్ళు. అక్క వేళ్ళు పియానో కింది మెట్ల మీద నడిచేవి, చెల్లెలి వేళ్ళు పై మెట్ల మీద పరిగెత్తేవి. పన్నెండేళ్ళు వచ్చేసరికి చిన్నది సొంతంగా రాగాలు అల్లడం మొదలుపెట్టింది. అక్క ఒకసారి విని, ఊఁ అని, కింద తన చేతిని కలిపేది. చిన్నది ఎక్కడ తడబడుతుందో అక్కకి ముందే తెలుసు. అక్కడ ఒక అడుగు ఎక్కువ వేసి నిలబెట్టేది. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి వాయించినట్టే ఉండేది. విడివిడిగా చూస్తే ఇద్దరికీ పియానో రాదు. ఈ సంగతి వాళ్ళకి అక్క పెళ్ళయి వెళ్ళిపోయిన మర్నాడు గానీ తట్టలేదు.

ఇక ఆ ఇంటి పద్ధతి ఇంకొకటుంది. అడగ్గానే ఊఁ అనకూడదు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి, రెండోసారి తల వంచుకోవాలి, మూడోసారి అడిగితే తీసుకోవాలి. ఇది అమ్మ నేర్పిన పాఠం. అక్కకి ఒంటబట్టింది. చిన్నదానికి అబ్బలేదు. మొదటిసారికే చెయ్యి చాచేది, వీపు మీద ఒకటి పడేది, నవ్వేది. చిన్నపిల్ల కదా అని అందరూ వదిలేసేవాళ్ళు. చిన్నపిల్ల నలభయ్యేళ్ళ మనిషి అయ్యాక కూడా అలాగే ఉందని ఎవరూ గమనించలేదు.

పదకొండేళ్ళ కిందట అమ్మ పోయింది. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. గిన్నెలు, మంచాలు, బీరువా అన్నీ అక్కచెల్లెళ్ళు మాటల్లోనే పంచేసుకున్నారు. చివరికి బోసి గదిలో పియానో మిగిలింది.

“అక్కా, ఇది నువ్వు తీసుకెళ్తావా?” అని అడిగింది చిన్నది.

“నాకెందుకే? మా ఇంట్లో చోటెక్కడిది? నువ్వే తీసుకెళ్ళు,” అంది అక్క.

“సరే అయితే.”

అంతే. మర్నాడు పొద్దున్నే నలుగురు మనుషుల్ని పిలిపించి, తలుపు చట్రం ఊడదీయించి, పియానోని తన ఇంటికి మోయించుకుపోయింది. అక్క గుమ్మం పక్కన నిలబడి, “గోడకి తగులుతుంది, జాగ్రత్త, జాగ్రత్త,” అని పనివాళ్ళకి చెబుతూనే ఉంది.

ఆ తర్వాత అక్క పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. ఫోన్ చేస్తే ఎత్తేది. “బాగున్నావా?” అంటే “బాగున్నాను, నువ్వు?” అనేది. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడేది. అంతకుముందు ఒక్క ఫోనులో మూడుసార్లు తిట్టి నాలుగుసార్లు నవ్వే మనిషి. ఆ మర్యాద చెల్లెలి ప్రాణం తీసేది. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడానికి ఆవిడకి ఏడాది పట్టింది. ఒకరోజు షాపులో కళ్ళజోడు కొనడానికి వచ్చినావిడెవరో, మంచినీళ్ళు తాగుతారా అంటే వద్దని, మళ్ళీ అడిగితే వద్దని, మూడోసారి గ్లాసు చేతిలో పెడితే గటగటా తాగేసింది. అది చూసి ఈవిడ చేతిలోని అద్దం జారి కిందపడి పగిలింది. ‘ఇంకోసారి అడగాల్సింది. ఒక్కసారి అడిగి ఊరుకున్నాను,’ అనుకుంది. అప్పటికే పియానో వచ్చి పడగ్గదిలో కూర్చుని ఏడాది దాటింది. ఇప్పుడు అడిగితే ఏమని అడగాలి?

పియానో పడగ్గదిలో ఉండడానికి కారణం కళాపోషణ కాదు. వీధి తలుపు దాటాక హాల్లో అది పక్కకి తిరగలేదు. మోసుకొచ్చిన నలుగురూ చేతులెత్తేసి, తిన్నగా ఎదురుగా కనిపించిన గదిలోకి తోసి వెళ్ళిపోయారు. ఆవిడ భర్త సిటీబస్సు డ్రైవరు. ఎంత ఇరుకు సందులోనైనా అంత పొడుగు బస్సునీ అవలీలగా తిప్పే మనిషి, సొంత మంచం ఎక్కాలంటే పొట్ట లోపలికి లాక్కుని అడ్డంగా నడవాల్సి వచ్చేది. “రివర్సులో వస్తున్నా, జరుగు,” అనేవాడు.

అయిదేళ్ళు అది ఆయన ఇస్త్రీ చొక్కాలు పెట్టుకునే బల్లగానే పనికొచ్చింది. ఆవిడ మూత తెరవలేదు. తెరిస్తే కుడిపక్కన కూర్చోవాలి, ఎడమపక్క ఖాళీగా కనబడుతుంది. ఆ భయం. కానీ షాపులో అద్దాల అంచులు అరగదీసే యంత్రం ఒకటుంది. అద్దం తిరుగుతున్నప్పుడు ఒక స్వరం, అంచు తగిలినప్పుడు ఇంకో స్వరం. రోజుకి నలభై అద్దాలు. వినీ వినీ ఒకనాడు ఆ రెండు స్వరాల మధ్య మూడోది తనంతట తనే పుట్టుకొచ్చింది. ఇంటికి రాగానే చొక్కాలు తీసి మంచం మీద పడేసి మూత తెరిచింది.

అలా మొదలైంది. అద్దాలు ఒక్కొక్కటీ చిన్న కాగితం కవరులో వస్తాయి, కవరు మీద పవరు రాసి ఉంటుంది. ఖాళీ అయిన కవర్ల వెనక ఆవిడ ఏ మెట్టు మీద ఏ వేలు పడాలో అంకెల్లో రాసుకునేది. ఏ కవరు మీద రాస్తే ఆ పవరే పాట పేరు. మైనస్ రెండున్నర. ప్లస్ ఒకటి. మైనస్ ఆరు కొంచెం బరువైన పాట. ఒకసారి మాత్రం పొరపాటున అద్దం ఉన్న కవరు మీదే రాసేసింది. షాపు యజమాని ఆ కవరు పట్టుకుని, “మూడు, రెండు, ఒకటి, మళ్ళీ మూడు... ఏ కళ్ళకమ్మా ఈ పవరు?” అని కంగారుపడిపోయాడు. ఈవిడ నాలుక కరుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నాలు వాటిని రికార్డు చెయ్యాలనీ చూసింది. అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి కొనుక్కుంది. మొదటి రికార్డులో ఫ్రిజ్ గురగుర వినిపించింది. ఫ్రిజ్ ఆపితే గడియారం వినిపించింది. గడియారం హాల్లో పెడితే తన ఊపిరే వినిపించింది. గోడలకి దుప్పట్లు వేలాడగట్టింది, కాళ్ళకి మందపు మేజోళ్ళు తొడుక్కుంది, పై అంతస్తువాళ్ళు కుర్చీలు ఈడ్చని వేళ ఏదో కనిపెట్టింది. అన్నీ చేసి, చివర్న ఫ్రిజ్ తిరిగి వేయడం మరిచిపోయేది. డ్రైవరుగారు పాలు విరిగిన గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఈ వారం పాటకి లీటరు పాలు బలి,” అనేవాడు. అయినా దాచుకోదగ్గ రికార్డు ఒక్కటీ కుదరలేదు.

ఎడమచెయ్యి నేర్చుకోవాలని ప్రయత్నించకపోలేదు. నలభై అయిదేళ్ళ వయసులో అది మాట వినలేదు. కుడిచెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడికి, తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా వెనకాలే వచ్చేది. చివరికి ఆవిడ ఆ ప్రయత్నం మానుకుంది. పాట కట్టేటప్పుడు అక్క చేతికి చోటు వదలడం మొదలుపెట్టింది. ఇక్కడ అక్క రెండు అడుగులు వేస్తుంది, నేను ఆగాలి. ఇక్కడ అక్క కిందికి దిగుతుంది, నేను ఒక్క మెట్టు మీదే నిలబడాలి. అలా పాట నిండా ఖాళీలు.

డ్రైవరుగారు ఒకసారి చెవికి పెట్టుకుని విని, “బాగుంది గానీ, మధ్యమధ్యలో కరెంటు పోతోందేమిటి నీ పాటలో?” అన్నాడు.

“అది అక్క చోటు.”

ఆ రోజు ఫ్రిజ్ ఆయనే మళ్ళీ వేశాడు.

బెంగ అంటే అదే. వేరే పేరు పెట్టి లాభం లేదు. ఆవిడకి అక్క మీద బెంగ. అమ్మ పోయిన బాధ రోజులు గడిచేకొద్దీ తగ్గింది గానీ, బతికున్న అక్క మీద బెంగ ఏడాదికేడాది పెరిగింది. ఎదురుగా కూర్చుంటే కూడా తీరని బెంగ అది.

ట్యూనరు వచ్చి వెళ్ళిన మర్నాడు, మధ్యాహ్నం భోజనం వేళ, షాపు వెనకగదిలో యంత్రం ఆపి అక్కకి ఫోన్ చేసింది. అక్క ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ఎప్పుడు చేసినా వెనకాల మిషను చప్పుడు వస్తూనే ఉంటుంది.

“అక్కా, ఒక ఆదివారం మా ఇంటికి రా. పియానో వాయిద్దాం.”

“నాకెందుకే ఇప్పుడవన్నీ? వేళ్ళు కొయ్యబారిపోయాయి.”

‘సరేలే’ అన్న మాట నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు. పళ్ళ మధ్య బిగబట్టింది.

“రా అక్కా.”

“ముప్పై కర్టెన్లున్నాయి చేతిలో. వాళ్ళు నెత్తిమీద కూర్చున్నారు.”

“రా అక్కా.”

మిషను ఆగింది.

“పొద్దున రైలు ఎన్నింటికి?” అంది అక్క.

ఆదివారం అక్క వచ్చింది. డ్రైవరుగారు “రండి వదినగారూ” అని స్టేషను నుంచి సంచి మోసుకొచ్చాడు. పడగ్గదిలోకి అడుగుపెట్టి, గోడలకి వేలాడుతున్న దుప్పట్లు చూసి, మొదట అక్క అన్నమాట, “ఈ అంచులు ఎవరు కుట్టారే, ఇంత వంకరగా?”

“నేనే.”

“తెలుస్తూనే ఉంది.”

పదకొండేళ్ళ తర్వాత మొదటి తిట్టు. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫ్రిజ్ ఆపి వస్తానని వంటింట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి అక్క ఎవరూ చెప్పకుండానే ఎడమపక్కన కూర్చుని ఉంది.

రికార్డరు నొక్కి, మైనస్ రెండున్నర మొదలుపెట్టింది. మొదటి ఖాళీ వచ్చింది. ఆగింది. అక్క చెయ్యి రాలేదు. తను ముందుకు కదిలాక వచ్చింది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి వచ్చింది గానీ, రెండడుగులు వేయాల్సిన చోట ఒక్కటే వేసి, దాన్నే మెత్తగా పట్టుకుని కూర్చుంది. తను పరిగెత్తే చోట అక్క నెమ్మదించింది. తను నిలబడిన చోట అక్కకి చెప్పడానికి ఏమీ లేదు. అయిదుసార్లు చేశారు. అయిదుసార్లూ ఇద్దరు మనుషులు వాయించినట్టే ఉంది.

తప్పు అక్కది కాదు. ఆరేళ్ళుగా ఆవిడ చోటు వదిలింది ఇరవయ్యేళ్ళ అక్కకి. ఆ పిల్ల కింది మెట్ల మీద ధనధనా నడిచేది. వచ్చింది యాభై అయిదేళ్ళ మనిషి. సంసారం చేసింది, పిల్లల్ని పెంచింది, మెడ నొప్పితో కర్టెన్లు కుట్టింది. ఈ మనిషి చెయ్యి ఎలా నడుస్తుందో చెల్లెలికి తెలియదు. తెలుసుకోవడానికి పదకొండేళ్ళుగా దారే లేదు.

అక్క చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “ఇందులో నేను పట్టనే, చిన్నీ,” అంది.

భోజనాల దగ్గర డ్రైవరుగారు బస్సెక్కిన మేక కథ ఒకటి చెప్పాడు. అందరూ నవ్వాల్సినంత నవ్వారు. తర్వాత చెల్లెలు గిన్నెలు కడుగుతుంటే పడగ్గదిలోంచి చప్పుడు వినిపించింది. ఒక మెట్టు. కాసేపాగి ఇంకో మెట్టు. మైనస్ రెండున్నర, కుడిచేతి పాట, ఒక్క వేలితో. చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అక్క ఆవిడని చూసి, అలమరలో మిఠాయి తీస్తూ దొరికిపోయిన పిల్లలా చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఊరికే... చూస్తున్నాను.”

“నీకు పాట వాయించాలనుందా?”

అక్క మొహం తిప్పుకుంది. “ఎప్పుడు లేదు గనక? పదేళ్ళు డుమ్ డుమ్మని కిందే కూర్చున్నాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చిన్నది ఎంత బాగా వాయిస్తోందో అనేవాళ్ళు. నేను దానికి పీట వేసినట్టు.”

“నాతో ఒక్కమాట అని ఉంటే జరిగేదాన్ని కదే అక్కా!”

“అనకపోతే జరగవా?”

చెల్లెలు నీళ్ళోడుతున్న చేతులు తుడుచుకుంది. “సరే, ఇటు జరుగు, అటు వెళ్తాను,” అంది. ఆ గదిలో ఇద్దరు మనుషులు చోట్లు మార్చుకోవడం అంత తేలిక కాదు. డ్రైవరుగారు గుమ్మంలోంచి, “వదినగారూ, మీరు ముందుకి... ఇంకా... ఆఁ, ఇప్పుడు కొంచెం కుడికి,” అని చెయ్యి ఊపుతూ దారి చూపించాడు. అక్క పకపకా నవ్వింది.

ఆ సాయంత్రం అక్కని రైలెక్కించి వస్తూ ఆవిడ వేళ్ళ మీద ఆదివారాలు లెక్కపెట్టుకుంది. నాలుగు. బాగా అదృష్టముంటే అయిదు. పాటలు పద్నాలుగు. అక్క లేకుండా, ఖాళీలు ఖాళీలుగానే ఉంచి, శుభ్రంగా కుడిచెయ్యి ఒక్కటే రికార్డు చేసుకుంటే అన్నీ దక్కుతాయి. ఆరేళ్ళ కష్టం దక్కుతుంది. అలా కాక అక్కకి ఒక్క పాట నేర్పుతూ కూర్చుంటే ఆ ఒక్కటీ వస్తుందో రాదో. మెట్లెక్కి ఇంటికి చేరేలోపు తేల్చుకుంది. తేల్చుకుందని బాధ లేకుండా పోలేదు. ఆ వారమంతా షాపులో ఎవరేమడిగినా విసుక్కుంది.

అక్క ప్రతి ఆదివారం వచ్చింది. పాఠం అంటే పాఠమే. మైనస్ రెండున్నర, వేలు తర్వాత వేలు. అక్కకి మూడో వరుస ఎప్పుడూ తప్పేది. తప్పిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచే వాయిస్తాననేది. “మధ్యలోంచి అందుకోవచ్చక్కా,” అంటే, “నా పాట నేను ఎక్కడినుంచి మొదలెడితే నీకెందుకే?” అనేది. చెల్లెలికి తల ప్రాణం తోకకొచ్చేది. తన పాట, తన పియానో, తన నెల రోజులు. అయినా ఎడమపక్కన కూర్చుని, తనకు చేతనైన ఒక్క మెట్టునే పట్టుకుని, అక్క ఆగిన చోటల్లా ఆగింది. ఎడమపక్కనుంచి చూస్తే పియానో వేరేగా ఉంటుందని అప్పుడు తెలిసింది. పాట అంతా ఎవరిదో, ఎదురుచూడడం ఒక్కటే తనది.

రికార్డరు మాత్రం ప్రతివారం నడుస్తూనే ఉంది. అందులో పాటకంటే తిట్లే ఎక్కువ.

మూడో ఆదివారానికి పైనున్న మేకు ఒకటి జారింది. ఒక స్వరం కొంచెం పుల్లగా పలికింది. నాలుగో ఆదివారానికి అలాంటివి ఆరేడు. అన్నీ అక్క పక్కే. అక్క ఇంకొంచెం ముందుకు వంగి వాయించింది, అంతే.

అయిదో ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, అక్క మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా మైనస్ రెండున్నర వాయించింది. మూడో వరుసని కూడా దాటిపోయింది. మెల్లగా, తన నడకలో, ఖాళీలున్న చోట ఖాళీలు లేకుండా చేసి, చెల్లెలు ఎన్నడూ అనుకోని చోట కొంచెం నిలబడి, ముగించింది. సగం స్వరాలు శ్రుతిలో లేవు.

“ఎలా ఉంది?” అంది అక్క.

“బాగుంది.”

“అబద్ధాలాడకు. మెట్లన్నీ శ్రుతి తప్పిపోయాయి. నాకు చెవుల్లేవనుకున్నావా?”

“పాట బాగుందన్నాను.”

అక్క మూత వేసింది. దానిమీద అరచెయ్యి ఆనించింది. మిషను తొక్కీ తొక్కీ, గుడ్డ లాగీ లాగీ ఆ చేతి వేళ్ళ చివర్లు గట్టిపడి ఉన్నాయి.

“చిన్నీ, ఇది నాకు కావాలే.”

చెల్లెలు వెంటనే అర్థం చేసుకోలేదు. “ఏది, రికార్డింగా?”

“పియానో.”

“ఇంక ఇది బాగుపడదక్కా. ట్యూనరు చేతులు కడిగేసుకున్నాడు.”

“తెలుసు.”

“మోయించి అంత దూరం తీసుకెళ్తే ఉన్న కాస్త శ్రుతీ పోతుంది.”

“పోనీ. నాకు కావాలి.”

ఈ మాట కోసమే కదా ఆవిడ ఇన్నేళ్ళు ఎదురుచూసింది. అక్క నోరు విప్పి అడిగితే చాలు, ఇల్లు ఊడబెరికైనా ఇచ్చేద్దామనుకుంది. తీరా అడిగాక, ఇవ్వబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే అసలు ఇవ్వబుద్ధి కాలేదు. పద్నాలుగు పాటల్లో పదమూడు ఇంకా కవర్ల మీదే ఉన్నాయి. శ్రుతి తప్పినా సరే, సాయంత్రం షాపునుంచి వచ్చి మూత తెరిచే ఆ అరగంట లేకపోతే తను ఏం చేస్తుంది? ఈ గదిలో ఆ గోడని ఎలా చూస్తుంది? ఏదో ఒకటి అడ్డం చెప్పాలని వెతుక్కుంది.

“మీ ఇంట్లో చోటెక్కడిది?” అంది.

“హాల్లో కిటికీ పక్కన గోడ ఉందిగా,” అంది అక్క, మూత మీంచి చెయ్యి తీయకుండానే. “అమ్మ ఇంటిని మనం ఖాళీ చేద్దామనుకున్న రోజే మిషను లోపలి గదిలోకి మార్పించేశాను. పియానో తీసుకెళ్ళమని ఎలాగూ నువ్వు అడుగుతావని. తర్వాత అక్కడ ఇంకేదీ పెట్టబుద్ధి కాలేదు.”

ఆ గోడ ఆవిడకి తెలుసు. ఈ పదకొండేళ్ళలో రెండుసార్లు అక్క ఇంటికి వెళ్ళింది. రెండుసార్లూ సరిగ్గా ఆ గోడకి ఎదురుగానే కూర్చుని టీ తాగింది. వీళ్ళింకా సోఫా కొనుక్కోలేదు కాబోలు అనుకుంది.

“తీసుకెళ్ళక్కా,” అంది. మొదటిసారి అక్కకి వినబడలేదు. గట్టిగా మళ్ళీ అంది.